కంట్రోలమ్మగారి రెండో కుర్చీ

మా మేడంకి ఉన్న రోగం ఒక్కటే. పోల్చి చూసుకోవడానికి పక్కన ఇంకోటి లేకపోతే ఆవిడ లోకంలో దేన్నీ నమ్మరు. ఎండ మండిపోతోందన్నా నమ్మరు, ఆకలేస్తోందన్నా నమ్మరు, ఆఖరికి మీ కొత్త కళ్లద్దాలు బాగున్నాయని మెచ్చుకున్నా నమ్మరు. ఆ కళ్లద్దాల్నే ముక్కు మీదికి నెట్టుకుని, ఎదుటి మనిషిని ఎగాదిగా చూసి, ఒకే ఒక్క మాట అడుగుతారు: "దేనితో పోల్చి?"

ఉద్యోగంలో చేరిన మొదటి రోజు మొదటి నిమిషంలోనే నేను ఈ దెబ్బ తిన్నాను. కొత్త చోటు, కొత్త పై అధికారి, నాలుగు మంచి మాటలతో మొదలుపెడదామని, "మీ ల్యాబు చాలా శుభ్రంగా ఉంది మేడం" అన్నాను.

"దేనితో పోల్చి?"

"అంటే... మామూలు ల్యాబులతో..."

"ఏ ల్యాబు? ఎప్పుడు చూశావ్? తుడవకముందు చూశావా, తుడిచాక చూశావా?"

ఇంటర్వ్యూ ముందే అయిపోయిందనుకున్నానే, మళ్లీ ఇదేమిటి దేవుడా అనుకున్నాను.

"తెలీనప్పుడు అనకు. ఆ తెల్లకోటు తగిలించుకుని రా, పని చూపిస్తాను" అన్నారు ఆవిడ, కోపమేమీ లేకుండానే.

మాది పళ్ల డాక్టర్లను తయారుచేసే కాలేజీ. మూడో అంతస్తులో వరండా చివర, ఎవరూ దారి తప్పి కూడా రాని మూల గదిలో మేమిద్దరం. ఆవిడ క్రిముల శాస్త్రవేత్త, నేను టెక్నీషియన్ని. మా పని చెబితే చాలామంది మూతి తిప్పుకుంటారు గాని, అంత తీసిపారేయాల్సిన పనేం కాదు. పన్ను పుచ్చిపోతే డాక్టరు గుంత తవ్వి, శుభ్రం చేసి, పూడ్చిపెడతాడు కదా. ఆ పూడ్చింది పంటిని పట్టుకుని ఉండాలంటే మధ్యలో సన్నగా ఒక జిగురు పూయాలి. దాన్నే బాండింగ్ ఏజెంట్ అంటారు. డాక్టరు ఎంత గీకినా గుంత అడుగున నాలుగు క్రిములు నక్కి ఉంటాయి. ఆ జిగురు పంటిని పట్టుకోవడంతో ఊరుకుంటుందా, ఆ నక్కినవాటి పని కూడా పడుతుందా? అది తేల్చడమే మా పని.

తేల్చే పద్ధతి కూడా తేలికే. గాజు పళ్లెంలో గట్టిపడిన జెల్లీ ఉంటుంది. దాని మీద పళ్లు పుచ్చబెట్టే క్రిముల్ని పరిచేస్తాం. చిన్న చిన్న కాగితం బిళ్లల మీద జిగురు చుక్కలేసి జెల్లీ మీద పెడతాం. పళ్లేలన్నీ పెద్ద సీసాలో పేర్చి, లోపల ఒక కొవ్వొత్తి వెలిగించి మూత పెట్టేస్తాం. గాలి తగ్గిపోయి కొవ్వొత్తి దానంతటదే ఆరిపోతుంది. ఈ క్రిములకి అలాంటి ఉక్కిరిబిక్కిరి గాలంటేనే ప్రాణం. రెండు రోజులు వెచ్చటి పెట్టెలో ఉంచి తీస్తే, జిగురుకి చంపే గుణం ఉంటే బిళ్ల చుట్టూ ఖాళీ వలయం కనిపిస్తుంది. లేకపోతే బిళ్ల అంచుదాకా క్రిములు కాపురం పెట్టేసి ఉంటాయి.

అయితే ఏ పళ్లెంలోనైనా ఒక ఉత్త బిళ్ల ఉండాలి. దాని మీద ఏ మందూ ఉండదు. దాన్ని కంట్రోల్ అంటారు. మిగతావాటిని దానితో పోల్చి చూడాలి. ఇది ప్రతి ల్యాబులోనూ ఉన్న పద్ధతే. కాకపోతే మిగతావాళ్లు ఈ పద్ధతిని కోటుతోపాటు విప్పి కొక్కేనికి తగిలించి ఇంటికెళ్తారు. మా మేడం ఇంటికి పట్టుకెళ్లారు.

ఒకసారి ఆవిడకి మోకాలి నొప్పి వచ్చింది. మెత్తటి అట్టతో కొత్త బూట్లు వచ్చాయి, వేసుకుంటే నొప్పి పోతుందని ఎవరో చెప్పారు. ఆవిడ కొన్నారు. కొని, కుడికాలికి కొత్త బూటు, ఎడమకాలికి పాత బూటు వేసుకుని కాలేజీకి వచ్చారు. కొత్తది గోధుమ రంగు, పాతది నలుపు. ఒకటి అర అంగుళం ఎత్తు. వరండాలో టక్కు, టప్పు, టక్కు, టప్పు అని నడుస్తూ వస్తుంటే ప్రిన్సిపాల్‌గారు ఎదురయ్యారు.

"మేడం, తొందరలో బూట్లు మారిపోయినట్టున్నాయి."

"లేదు సార్. ఎడమకాలు కంట్రోల్."

ఆయన ఇంకేదో అడగబోయి, అడిగితే ఏమవుతుందో గుర్తొచ్చి, పక్కనున్న గదిలోకి తప్పుకున్నారు. అది చీపుళ్లు పెట్టుకునే గదని ఆయనకి లోపలికెళ్లాక తెలిసింది. అయినా మేడం మలుపు తిరిగేదాకా బయటికి రాలేదు. ఆరు వారాలు అలా నడిచాక ఆవిడకి నడుంనొప్పి పట్టుకుంది. మోకాలి సంగతి అడిగితే, "నడుం అడ్డొచ్చింది, ప్రయోగం చెడిపోయింది" అని విసుక్కున్నారు.

అప్పట్నుంచే ఆవిడకి కంట్రోలమ్మ అనే పేరు ఖాయమైంది. గుమస్తా పెట్టాడో, మెట్లు తుడిచే ఆవిడ పెట్టిందో తెలియదు. ఆ పేరు మేడం చెవిన పడ్డప్పుడు, "ఇంతకు ముందున్న పేరుకన్నా నయమే" అన్నారట. ఇంతకు ముందున్న పేరేమిటో మాకెవరికీ తెలియదు, అడిగే ధైర్యమూ లేదు.

పెళ్లి గురించి మాత్రం నేనే ధైర్యం చేసి అడిగాను, చేరిన రెండో నెలలో.

"మీరు పెళ్లెందుకు చేసుకోలేదు మేడం?"

"మా చెల్లెలు చేసుకుంది. నేను కంట్రోల్."

"మరి ఫలితం ఏం తేలింది?"

ఆవిడ చేతిలో ఉన్న పళ్లేన్ని వెలుతురుకెత్తి చూశారు. "ఇద్దరు మనుషులతో ఏం తేలుతుంది" అని మళ్లీ పనిలో పడ్డారు.

ఇక కంపెనీల తరఫున జిగుర్లు అమ్మడానికి వచ్చేవాళ్ల పాట్లు పగవాడికి కూడా వద్దు. ఒకతను టై కట్టుకుని, రంగురంగుల కాగితాలు పట్టుకుని వచ్చాడు. "మేడం, మా కొత్త జిగురు క్రిముల్ని నూటికి తొంభై తొమ్మిది పాళ్లు చంపేస్తుంది" అన్నాడు. నాకు అతని మీద జాలేసింది. వెంటనే ఒక స్టూలు జరిపి, "కూర్చోండి, టైం పడుతుంది" అన్నాను.

"దేనితో పోల్చి?" అన్నారు మేడం.

ఆవిడ అప్పటికప్పుడు నాలుగు బిళ్లలు తీశారు. ఒకదాని మీద అతని జిగురు. రెండోదాని మీద మా పాత జిగురు. మూడోదాని మీద జిగురంటూ లేదు, జిగురుని కరిగించే స్పిరిట్ మాత్రమే. నాలుగోది ఉత్త బిళ్ల. మళ్లీ ఇంకో పళ్లెంలో అదే జిగురు, కాకపోతే పళ్ల డాక్టరు చేసినట్టే నీలం దీపం చూపించి గట్టిపరిచింది. రెండు రోజుల తర్వాత రమ్మన్నారు. పాపం, వచ్చాడు. జిగురు చుట్టూ చక్కటి వలయం ఉంది. అతని మొహం వెలిగిపోయింది. స్పిరిట్ చుట్టూ కూడా ఇంచుమించు అంతే వలయం ఉంది. గట్టిపరిచిన జిగురు చుట్టూ ఏమీ లేదు, క్రిములు దాని అంచు పట్టుకుని నిక్షేపంగా పెరిగాయి.

"అంటే చంపింది స్పిరిట్ బాబూ, నీ జిగురు కాదు. నోట్లో గట్టిపడ్డాక అదీ ఉండదు" అన్నారు మేడం.

అతను కాగితాలన్నీ సంచిలో సర్దుకోవడం మొదలుపెట్టాడు. అప్పుడు మేడం, "జిగురుగా మాత్రం మంచిదే. పంటిని గట్టిగా పట్టుకుంటోంది, అదీ పరీక్షించి చూశాను. పాతదానికన్నా మెరుగు. ఆ మాట చెప్పుకుని అమ్ముకో" అని కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చారు. అతను వెళ్లేటప్పుడు మెట్ల దగ్గర నాతో, "ఈవిడ మంచావిడేనా అండీ?" అన్నాడు. నాకు అప్పటికి అంటుకుంది కదా జబ్బు, "దేనితో పోల్చి?" అనేశాను.

ఇంతవరకూ ఆవిడ గురించి చెప్పాను. ఇక్కడ నా గురించి కాస్త చెప్పకపోతే కథ నడవదు.

మా ఆయన పోయిన ఏడాదిన్నరకి నేను ఈ ఉద్యోగంలో చేరాను. గడియారాలు బాగుచేసే కొట్టు మీద ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఒక మంచం, ఒక కుర్చీ, ఒక స్టవ్వు. పగలంతా పనిలో పడి బాగానే ఉండేదాన్ని. సాయంత్రం అయ్యేసరికి భయం వేసేది. దొంగల భయం కాదు, దయ్యాల భయం కాదు. గది తలుపు తీసి లోపలికి అడుగుపెట్టడమంటేనే భయం. కింద కొట్టులో ఇరవై గడియారాలు ఒకేసారి ఆరు కొట్టేవి, ఒక్కొక్కటీ కాస్త తేడాగా. అవన్నీ ఆగేదాకా మెట్ల మీదే నిలబడేదాన్ని. ఒక్క మనిషి కోసం పొయ్యి వెలిగించడమేమిటి, పళ్లెం కడగడమేమిటి అనిపించేది. సింకు దగ్గర నిలబడి తీపి బిస్కెట్ల పొట్లం విప్పి, నాలుగో అయిదో తిని, నీళ్లు తాగి, మంచమెక్కేదాన్ని. పళ్లు తోముకోవడానికి కూడా ఓపిక ఉండేది కాదు.

అన్నయ్య ఫోన్ చేసేవాడు. "తిన్నావా చెల్లెమ్మా?"

"తిన్నా అన్నయ్యా."

"ఏం తిన్నావ్?"

నేను మూడు రకాల కూరలు గడగడా చదివేదాన్ని. పక్కనుంచి వదిన, "ఒక్కతే అన్ని వండుకుంటోందా, మనమే నయం, పచ్చడి ముద్దతో సరిపెట్టాం" అనడం వినిపించేది. నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. రెండోదే చేసేదాన్ని, ఫోన్ పెట్టేశాక.

అలా ఉన్న రోజుల్లో మేడంకి ఒక బుద్ధి పుట్టింది. సీసాల్లో దాచిన క్రిములు మెత్తబడిపోయాయి, నిజం మనుషుల నోట్లోంచి తాజాగా తీసిన క్రిముల మీద జిగుర్లు పరీక్షించాలి అన్నారు. కాలేజీలో అందరూ తలా ఒక గొట్టంలో ఉమ్మివేయాలని నోటీసు పెట్టారు. ప్రిన్సిపాల్‌గారి నుంచి మెట్లు తుడిచే ఆవిడ దాకా ఎవర్నీ వదల్లేదు. నేనూ ఉమ్మాను. రెండు రోజులయ్యాక ఫలితాలు అందరి ముందూ చదివారు.

"సార్ నోట్లో పళ్లు పుచ్చబెట్టే క్రిములు చాలా ఎక్కువున్నాయి" అన్నారు ప్రిన్సిపాల్‌గారితో.

ఆయన ఈసారి సిద్ధంగా ఉన్నారు. కుర్చీలో ముందుకు జరిగి, "దేనితో పోల్చి మేడం?" అన్నారు. గదంతా ఘొల్లుమంది.

"ఈ కాలేజీలో ఉన్న అందరితో పోల్చి సార్. ఒక్కరు తప్ప."

ఆ ఒక్కరెవరో ఆవిడ చెప్పలేదు. నా పళ్లెం నాకు కనబడలేదు. అడిగితే, "పగిలిపోయింది" అన్నారు. పగిలిన గాజు ముక్కలు ఏవీ అని నేను అడగలేదు. అడిగి ఉండాల్సింది.

మర్నాడు పొద్దున్న ఆవిడ నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డారు. "చాలా ఏళ్లు సాగే ప్రయోగం ఒకటి మొదలుపెడుతున్నాను. దానికొక కంట్రోల్ మనిషి కావాలి. నువ్వే."

"నేనేం చెయ్యాలి మేడం?"

"రోజూ సాయంత్రం ఆరున్నరకి మా ఇంటికి రావాలి. నేను తిన్నదే తినాలి, నాతోపాటే, కూర్చుని. తినేముందు ఒక గొట్టంలో ఉమ్మాలి, తిన్నాక పళ్లు తోముకుని ఇంకో గొట్టంలో ఉమ్మాలి. అంతే."

"ఎన్నాళ్లు మేడం?"

"ప్రయోగం అయ్యేదాకా."

ఇదెక్కడి ఖర్మరా నాయనా అనుకున్నాను. కాదంటే ఊరుకునే మనిషైతే కదా. పైగా పై అధికారి.

ఆవిడ ఇల్లు రెండు వీధుల అవతల. వంటింట్లో చిన్న బల్ల, రెండు పేము కుర్చీలు. ఒకటి నలిగి, వంగి, మనిషి ఆకారం పడి ఉంది. రెండోది కొత్తదానిలా ఉంది. దాని వీపుకి ఒక చీటీ వేలాడుతోంది: "కంట్రోల్. కూర్చోరాదు." రెండూ ఒకేరోజు కొన్నారట, ఇరవై రెండేళ్ల కిందట. కూర్చుంటే పేము ఎంత త్వరగా పాడవుతుందో చూడటానికి రెండోదాని మీద ఎవర్నీ కూర్చోనివ్వలేదట. చెల్లెలు వచ్చినా కింద కూర్చోవాల్సిందే.

చీటీ చూసి నేనూ కింద కూర్చోబోయాను. మేడం ఆ చీటీ పీకేసి, కుర్చీ లాగి, "ఇక్కడ కూర్చో" అన్నారు.

"అది కంట్రోల్ కుర్చీ కదా మేడం?"

"ఆ ప్రయోగం అయిపోయింది."

"ఏం తేలింది?"

"కూర్చోకపోయినా పాతబడింది. చూడు, వెనకాల రెండు పుల్లలు ఊడిపోయాయి. కూర్చో, కూరలు చల్లారిపోతున్నాయి."

ఆవిడ వంట గురించి ఏం చెప్పమంటారు. చాలా రోజులు బాగానే ఉండేది. ఉన్నట్టుండి ఒకరోజు ఉప్పు అనేదే ఉండేది కాదు. మొదటి రోజే అలా జరిగింది. ఎలా చెబుతాను? కళ్లు మూసుకుని మింగి, ఎక్కడ అనుమానం వస్తుందోనని రెండోసారి కూడా వడ్డించుకున్నాను. ఆవిడ కూడా మారు మాట్లాడకుండా అదే ఉప్పులేని కూర తిన్నారు. తర్వాత నేను పళ్లు తోముకుని బుద్ధిగా గొట్టంలో ఉమ్మి, మూత పెట్టి, చేతికిచ్చాను. ఆవిడ నోటు పుస్తకం తీసి, అడ్డంగా చెయ్యి పెట్టుకుని ఏదో రాసుకున్నారు, పరీక్షలో పక్కవాళ్లు చూస్తారేమోనన్నట్టు.

ఒక నెల గడిచింది. ముందు విసుక్కుంటూ వెళ్లేదాన్ని. తర్వాత మామూలుగా వెళ్లేదాన్ని. తర్వాత ఎప్పుడు మారిందో తెలియదు గాని, అయిదయ్యేసరికి గోడ గడియారం వైపు చూడటం మొదలుపెట్టాను. ఒకరోజు నోరు జారి, "మేడం, ఉప్పు మర్చిపోయారు" అనేశాను. అని నాలిక్కరుచుకున్నాను. ఆవిడ నొచ్చుకోలేదు సరికదా, గబగబా పుస్తకం తీసి రాసుకున్నారు. ఇంకో రోజు మా ఆయన గురించి మాటొచ్చింది. ఆయన ఈల వేస్తూ పళ్లు తోముకోవాలని ప్రయత్నించేవాడని, నురగంతా అద్దం మీద పడేదని చెబుతూ నవ్వాను, నవ్వుతూ ఏడ్చాను. మేడం ఓదార్చలేదు. గిన్నె నా వైపు జరిపి, "ఇంకాస్త వేసుకో" అన్నారు. వేసుకున్నాను.

అన్నయ్య ఫోన్లో, "ఈమధ్య నీ గొంతు బాగుంది చెల్లెమ్మా" అన్నాడు.

"దేనితో పోల్చి?" అన్నాను.

"ఏంటీ?" అన్నాడు వాడు కంగారుగా.

అలా మూడేళ్లు. జ్వరం వచ్చినా, వాన వచ్చినా, ఆదివారమైనా ఆరున్నర అంటే ఆరున్నరే. ప్రయోగం కదా, ఒక్కరోజు మానితే చెడిపోతుందట. ఆ మాట నాకెంత హాయిగా ఉండేదో చెప్పలేను. నేను వెళ్లకపోతే ఏదో ఒకటి చెడిపోతుందనే చోటు లోకంలో నాకు ఒకటుంది.

అంతలో మేడం రిటైరయ్యే నెల వచ్చింది. నాకు నిద్ర పట్టడం మానేసింది. ఆవిడ రిటైరైతే ప్రయోగం ఆగిపోతుంది. ప్రయోగం ఆగిపోతే ఆరున్నర ఉండదు. మళ్లీ ఆ మెట్లు, ఆ ఇరవై గడియారాలు, ఆ సింకు. ఒకసారి ఉండబట్టలేక, "మేడం, ఇంకో రెండేళ్లు పొడిగించకూడదా? ఇంకా నమూనాలు కావాలేమో" అన్నాను. "చూద్దాం" అన్నారు గాని మొహం తిప్పుకున్నారు.

ఆఖరి వారంలో ల్యాబులోని సామానంతా జాబితా రాసి అప్పగించాలి. తాళాల గుత్తి నా చేతికిచ్చి మేడం ప్రిన్సిపాల్‌గారి గదికెళ్లారు. వెళ్తూ, "నా గదిలో చిన్న ఫ్రీజర్ ఉందే, అది వదిలెయ్. మిగతావి రాయి" అన్నారు. కాని గుమస్తా ససేమిరా అన్నాడు. "ఒక్కటి తగ్గినా నా మెడకే చుట్టుకుంటుందమ్మా. తెరిచి రాయాల్సిందే."

నా నమూనాలు ఆ ఫ్రీజర్లోనే దాస్తున్నానని మేడం చెప్పేవారు. తాళం ఎప్పుడూ ఆవిడ దగ్గరే. సరే, గొట్టాలు లెక్కబెడదామని తెరిచాను.

లోపల మోకాలి మీద పెట్టుకునే ఐసు సంచి ఒకటి ఉంది. దాని పక్కనే అలాంటిదే ఇంకో సంచి, "కంట్రోల్" అని రాసి ఉంది. గొట్టాలు లేవు. ఒక్కటంటే ఒక్కటి లేదు.

మూడేళ్ల నమూనాలు! ఎవరో తీసి పారేశారు, లేదా కరెంటు పోయి కరిగిపోతే తుడిచేశారు. రోజుకి రెండు చొప్పున రెండు వేల గొట్టాలు. రెండు వేల గొట్టాలు చెప్పుల పెట్టె అంత ఫ్రీజర్లో ఎలా పడతాయన్న అనుమానం నాకు మూడేళ్లలో ఒక్కసారి కూడా రాలేదు చూశారా? పైగా చదువుకున్నదాన్ని!

చెమటలు కక్కుకుంటూ ప్రిన్సిపాల్‌గారి గదికి పరిగెత్తి, మేడంని వరండాలోకి లాక్కొచ్చాను.

"మేడం, కొంప మునిగింది. మన నమూనాలన్నీ పోయాయి!"

"ఏ నమూనాలు?"

"నావి! మూడేళ్లవి! ఫ్రీజర్లో ఒక్క గొట్టం కూడా లేదు!"

మేడం నా వంక చూశారు. తర్వాత గోడ వంక చూశారు. తర్వాత తన బూట్ల వంక చూశారు. ఆవిడ సిగ్గుపడటం నేను చూడటం అదే మొదటిసారి.

"ఆ ఫ్రీజర్ వదిలెయ్యమన్నానా లేదా?" అన్నారు చిన్నగా.

"ఎక్కడున్నాయి మేడం అవి?"

"ఎక్కడుంటాయి? కడిగేశాను. ఏ రోజువి ఆ రోజే."

"రెండు వేల గొట్టాలూ?"

"పన్నెండే. తిప్పి తిప్పి అవే వాడాను."

అప్పుడు నాకు ఏడో నంబరు గొట్టం గుర్తొచ్చింది. దాని అంచు కాస్త విరిగి ఉండేది. నా పెదవికి ఎన్నిసార్లు గీసుకుందో. గొట్టాల కంపెనీవాడు ఏడో నంబరన్నీ ఇలాగే విరగ్గొట్టి పంపుతున్నాడు కాబోలు అనుకున్నాను గాని, అదే గొట్టం ఆరు రోజులకోసారి నా దగ్గరికొస్తోందని తట్టలేదు.

"మరి రోజూ రాసుకున్నారు కదా? ఏం రాశారు?"

ఆవిడ చాలాసేపు బెట్టు చేసి, చివరికి సంచిలోంచి నోటు పుస్తకం తీసి ఇచ్చి, తను కిటికీ దగ్గరికెళ్లి బయటికి చూస్తూ నిలబడ్డారు. పుస్తకం అట్టకి లోపలివైపు ఒక గాజు పళ్లెం టేపుతో అంటించి ఉంది. జెల్లీ ఎండి పొరలా అయిపోయింది. ఆ పళ్లెం నిండా క్రిములే, ఈగ వాలడానికి కూడా చోటు లేదు. మీద నా పేరు, చేరిన ఏడాది తేదీ. కింద మేడం చేతిరాత: "రాత్రిపూట తీపి బిస్కెట్లు. తోముకోదు. సంచిలో పొట్లం చూశాను. ఒక్కతే ఉంటోంది."

ప్రతి పేజీకీ మధ్యలో ఒక గీత. ఎడమవైపు "కంట్రోల్", కుడివైపు "ప్రయోగం". ఎడమవైపంతా నిండిపోయి ఉంది.

"మొదటి రోజు. కావాలనే ఉప్పు వెయ్యలేదు. చెప్పలేదు. రెండోసారి కూడా వడ్డించుకుంది. మరీ మొహమాటం."

"పదకొండో రోజు. ఉప్పు వెయ్యలేదు. చెప్పలేదు. నాకే నోరు చచ్చిపోతోంది."

"ముప్పై ఆరో రోజు. ఉప్పు లేదని చెప్పింది! మెరుగు."

"నూట రెండో రోజు. వాళ్లాయన గురించి చెప్పింది. ఏడ్చింది. తర్వాత ఇంకాస్త కూర తింది."

"రెండు వందల పదో రోజు. నాకు వంట రాదని మొహం మీదే అంది. పోట్లాడింది. చాలా మెరుగు."

కుడివైపు మూడేళ్లూ ఖాళీ. ఒక్క అక్షరం లేదు.

"మేడం" అన్నాను. "కంట్రోల్ నేను. మరి ప్రయోగం ఎవరు?"

"ఎవరూ లేరు."

"పక్కన పోల్చడానికి ఏమీ లేకుండా మూడేళ్లు ఒకే పని చేశారా? మీరు?"

"టెక్నీషియన్‌వి, ఆ మాట అడగడానికి నీకు మూడేళ్లు పట్టింది" అని దబాయించారు. ఆ తర్వాత ఇటు తిరక్కుండానే, "ఊరికే భోజనానికి రమ్మంటే వచ్చేదానివా?" అన్నారు.

వచ్చేదాన్ని కాదు. ఎన్ని సాకులు చెప్పేదాన్నో నాకు తెలుసు. ఆ మాటే చెప్పాను.

"రేపటితో ఉద్యోగం అయిపోతుంది. ఇక నిన్ను రమ్మనడానికి నా దగ్గర ప్రయోగాలేం లేవు" అన్నారు ఆవిడ. ఆ గొంతులో ఉన్న దిగులు నాకు కొత్తది కాదు. మెట్ల మీద నిలబడి గడియారాలు ఆగేదాకా ఎదురుచూసినప్పుడు నా గొంతుకి అడ్డం పడేది అదే. అప్పుడు వెలిగింది నాకు. మూడేళ్లూ ఆవిడ నాకు భోజనం పెట్టారనుకున్నానే గాని, ఆవిడ ఎవరితో కలిసి తిన్నారో ఆలోచించలేదు.

"మీ ఇంట్లో భోజనం బాగుంటుందని అనుకుంటున్నారు కదా మేడం?" అన్నాను.

"ఉంటుంది."

"దేనితో పోల్చి?"

ఆవిడ గబుక్కున ఇటు తిరిగారు.

"మూడేళ్లూ ఒకే చోట తిన్నాం. అదేం పద్ధతి? ఒకరోజు మీ ఇంట్లో, ఒకరోజు మా గదిలో తినాలి. లేకపోతే పోల్చేదెలా? ఎల్లుండి ఆరున్నరకి రండి. ఆలస్యమైతే ప్రయోగం చెడిపోతుంది."

మేడం కళ్లద్దాలు తీసి కోటు అంచుతో చాలాసేపు తుడుచుకున్నారు. "పద్ధతి ప్రకారం అదే సబబు" అన్నారు.

ఎల్లుండి వచ్చింది. కింద గడియారాలు ఆరు కొట్టడం మొదలుపెట్టినప్పుడు నేను మెట్ల మీద లేను, పొయ్యి దగ్గరున్నాను. ఎప్పుడాగాయో కూడా గమనించలేదు. ఆరున్నరకి మెట్ల మీద టక్కు, టప్పు, టక్కు, టప్పు అని వినిపించింది. తలుపు తీస్తే మేడం. కుడికాలికి కాలేజీవాళ్లు వీడ్కోలుకిచ్చిన కొత్త బూటు, ఎడమకాలికి పాతది. రెండు చేతులతో తల మీద పేము కుర్చీ మోస్తూ, రొప్పుతూ నిలబడ్డారు. అదే, నాకు ముందు ఇరవై రెండేళ్లు ఎవరూ కూర్చోని కుర్చీ.

"నీ గదిలో కుర్చీ ఒకటేగా. ఇది ఇక్కడే ఉంచు" అన్నారు.

ఇద్దరం కూర్చున్నాం. వడ్డించాను. ఆవిడ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, నెమ్మదిగా నమిలి, మింగారు. రెండో ముద్ద తిన్నారు. మొహంలో ఏమీ తెలియనివ్వలేదు. నేను కొత్త నోటు పుస్తకం ఒళ్లో పెట్టుకుని కాచుకుని కూర్చున్నాను.

"బాగుంది" అన్నారు.

"దేనితో పోల్చి, అక్కా?"

మూడేళ్లలో ఆవిణ్ణి అలా పిలవడం అదే మొదలు. ఆవిడ చెయ్యి కంచంలో ఆగిపోయింది. అక్క నా వంక చూసి, కుర్చీలో వెనక్కి ఆనుకుని, "నువ్వు రాకముందు నేను ఒక్కదాన్నే తిన్న రోజులన్నిటితో పోల్చి" అన్నారు.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకునేలోపే ఆవిడ కంచం ముందుకు నెట్టి, "ఉప్పు మాత్రం ఒక్క పలుకు కూడా వెయ్యలేదు నువ్వు. నా మీదే ప్రయోగమా?" అని కసిరారు.

నేను లేచి ఉప్పు డబ్బా అందించి, పుస్తకం తెరిచి, అడ్డంగా చెయ్యి పెట్టుకుని రాసుకున్నాను: "మొదటి రోజు. ఉప్పు లేదని వెంటనే చెప్పింది. మొహమాటం బొత్తిగా లేదు."